కిటికీలు గీసిన ఇల్లు

ఆ శనివారం పొద్దున అంబ్రోస్ ఫుర్గర్ ముందురోజు ఉడకబెట్టి ఉంచిన బంగాళాదుంపలు తురిమి, పెనం మీద వెన్న వేసి, అట్టులా ఒత్తి, రెండు వైపులా ఎర్రగా కాల్చాడు. భార్య జోసెఫా పోయినప్పటినుంచీ శనివారం పొద్దుటి వంట ఆయనదే. తిరగేసేటప్పుడు పెనం మీద పళ్ళెం బోర్లించి ఒక్క ఊపు ఊపేవాడు, తునక కింద పడేది కాదు. సగం తాను తిని, మిగతా సగం కూతురికి మూతపెట్టి, పెనం కడిగి బోర్లించి, "ఉప్పు తక్కువైంది, వేసుకో" అని మెట్ల కిందనుంచి కేకేసి వెళ్ళిపోయాడు. పైగదిలో జుట్టు దువ్వుకుంటున్న ఒటీలియా ఊఁ అని కూడా అనలేదు. ఉప్పు నిజంగానే తక్కువైంది.

మధ్యాహ్నం భోజనానికి ఆయన రాలేదు. ఆమె తాను పనిచేసే రైలు స్టేషన్‌లో టికెట్ల గది మూసి ఇంటికొచ్చేసరికి బల్ల మీద ఆయనకని పెట్టి వెళ్ళిన పళ్ళెం పెట్టింది పెట్టినట్టే ఉంది. ఏ ఇంటి గోడకో బేరం కుదిరి ఉంటుందనుకుంది. చీకటి పడకముందే ఆ అనుకోవడం చెల్లకుండా పోయింది. యాభై ఏడేళ్ళ అంబ్రోస్ భోజనం వేళ తప్పిన మనిషి కాదు. పటాలం నేర్పిన అలవాట్లలో అదొకటి.

పటాలం అంటే ఆయన సిపాయి అని కాదు. వాల్డ్‌మాట్ అనే ఆ కొండ ఊళ్ళో ఆయన గోడలకి రంగులేసే మనిషి, వాళ్ళ నాన్నా అంతే. కాకపోతే స్విట్జర్లాండ్‌లో ప్రతి మగవాడికీ వచ్చినట్టే ఇరవయ్యో ఏట ఆయనకీ పిలుపు వచ్చింది. శిక్షణ ముగిశాక తుపాకీని, యూనిఫాంని ఇంటికి తెచ్చుకుని బట్టల బీరువాలో జోసెఫా పెళ్ళి గౌను పక్కన పెట్టుకున్నాడు. ఆపైన ఏటేటా కొన్ని వారాలు బ్రష్షులు కిరసనాయిలులో నానేసి పటాలంలోకి పోవడం, తక్కినన్నాళ్ళూ రంగులేసుకోవడం. ఊళ్ళో తక్కినవాళ్ళు సణుక్కుంటూ పోయేవాళ్ళు. గడ్డి కొయ్యాలి, ఆవు ఈనేలా ఉంది, పెళ్ళానికి నెలలు నిండాయి అని ఏదో ఒకటి. అంబ్రోస్ మాత్రం వారం ముందునుంచే బూట్లకి మెరుగు పెట్టేవాడు. మన పెళ్ళికి వీటికి ఇంత మెరుగు పెట్టలేదని జోసెఫా దెప్పితే, పెళ్ళికి నువ్వొక్కదానివే చూశావు, దీనికి దేశం చూస్తుంది అనేవాడు. వేళాకోళానికే అనేవాడు గానీ మొహంలో వేళాకోళం ఉండేది కాదు.

ఆయన దళానికి కెప్టెన్ పట్నంలో పెద్ద బ్యాంకు అధికారి. ఒకసారి ఆయనగారి ఇంటికి అంబ్రోస్ రంగులెయ్యడానికి వెళ్తే వెనకవైపు తలుపు చూపించారు. అదే కెప్టెన్ కొండ లోపల ఇనప మంచం మీద అంబ్రోస్ కింది వరసలో పడుకుని, ఒకే కుండలో రొట్టె ముంచుకు తిన్నాడు. ఆ సంగతి అంబ్రోస్ ఇంట్లో చాలాసార్లు చెప్పాడు. కొండ ఎక్కడ, అందులో ఏముంది అన్నది మాత్రం ఒక్కసారీ చెప్పలేదు. చెప్పకూడదని మాట ఇచ్చారు.

చెప్పకపోయినా తెలియంది కాదు. కనుమ దారి ఇరుకయ్యే చోట, ఏటి ఒడ్డున, రోడ్డుని ఆనుకుని రెండంతస్తుల ఇల్లు ఒకటుంది. చెక్క గోడలు, ఆకుపచ్చ తలుపు రెక్కలు, తెల్లని పరదాలు, కిటికీ గట్ల మీద ఎర్రపూల కుండీలు. వంతెన మీదనుంచి చూస్తే ఏ లోటూ కనపడదు. దగ్గరికి పోయి చెయ్యి పెడితే చెక్క చల్లగా, గరుకుగా తగులుతుంది, సిమెంటు కాబట్టి. పరదాలు, పూలు, తలుపు, తలుపు గడియ, అన్నీ రంగే. దాని వెనక కొండ తొలిచి ఉంది, కొండలో ఫిరంగి ఉంది. మేడమీద నడిమి కిటికీ ఒక్కటే నిజంగా తెరుచుకుంటుంది, అదీ లోపల్నుంచే. అది ఫిరంగి మూతి కోసం పెట్టిన ఇనప రెక్క. లోపలికి పోయే దారి వెనకాల కొండవాలు మీద, పొదల చాటున, ఇనప తలుపు.

ఆ ఇంటి ముఖం అంబ్రోస్ పనే. దళంలో రంగులేసేవాడెవడని అడిగినప్పుడు ఆయన చెయ్యెత్తాడు. అప్పట్నుంచీ ఆ ఇంటిని ఆయనే గీశాడు, ఎండకీ మంచుకీ వెలిసినప్పుడల్లా మళ్ళీ ఆయనే గీశాడు. చూరు కింద, రెక్కల కింద, కుండీల కింద నీడలు కూడా గీశాడు. సాయంత్రపు ఎండలో ఏ నీడ ఎటు పడుతుందో ఏటికి అవతల కుర్చీ వేసుకుని చూసి మరీ గీశాడు. అందుకని సాయంత్రాలు ఆ ఇల్లు ఎంత నిజంగా ఉండేదో, పొద్దుటిపూట అంత తేడాగా ఉండేది. సూర్యుడు ఇటు ఉంటే కుండీల నీడలు కూడా ఇటే ఉండేవి. బడికి పోయే పిల్లలు పొద్దున ఆ గోడ దగ్గర అడుగు వేగంగా వేసేవాళ్ళు. ఎందుకని అడిగితే చెప్పలేకపోయేవాళ్ళు.

ఊళ్ళో దాని పేరు నోరెత్తనివాళ్ళ ఇల్లు. చర్చికి రారు, పాలు కొనరు, గొడవకి రారు, ఊరు మొత్తానికి మంచి కుటుంబం అదొక్కటేనని రొట్టెల కొట్టు కిలియన్ అంటుండేవాడు. కిలియన్ అదే దళంలో సార్జెంటు, అంబ్రోస్‌కి ప్రాణమిత్రుడు, ఒటీలియాకి జ్ఞానస్నానం నాటి తండ్రి. చిన్నప్పుడు ఒటీలియా ఆ ఇంట్లో ఎవరుంటారని నాన్నని అడిగితే, "మర్యాదస్తులు. మనం పలకరిస్తే పలుకుతారు గానీ మనకి వినపడదు" అన్నాడు. ఆ తర్వాత చాలా రోజులు ఆమె ఆ గోడకి చెవి ఆన్చి నిలబడేది.

ఒక వేసవిలో ఎక్కడినుంచో వచ్చిన ముసలావిడ ఆ రంగు తలుపు కొట్టి కొట్టి, ఎవరూ తియ్యకపోతే, గొంతెండుతోంది కాసిని నీళ్ళిమ్మని కిటికీకేసి అడిగింది. ఆ సంగతి తెలిసి అంబ్రోస్ ఊరందరికీ ద్రాక్షసారా పోయించాడు. పటాలం ఇచ్చే పతకం ఎవడికైనా వస్తుంది, నా ఇంటిని నీళ్ళడిగారు అని ఒకటే సంబరం.

జోసెఫా పోయిన ఏడాది ఆయన ఆ ఇంటికి మళ్ళీ రంగు వేశాక, కింది వరస కిటికీలో తెల్ల పరదా పోయి నీలం గళ్ళ పరదా వచ్చింది. వాళ్ళ వంటింటి పరదా అదే. కుచ్చు దగ్గర జోసెఫా వేసిన మాసిక కూడా ఉంది. ఒటీలియా చూసింది. ఆ తర్వాత స్టేషన్‌కి పోయేటప్పుడు రోడ్డుకి అవతలి అంచున నడవడం అలవాటు చేసుకుంది.

యాభై నిండాక అంబ్రోస్‌ని సెలవిచ్చి పంపేశారు, అందరినీ పంపినట్టే. తుపాకీ ఉంచుకోమన్నారు, తాళంచెవి తీసుకున్నారు. ఆ సాయంత్రం ఆయన యూనిఫాం విప్పి మడతపెట్టి, చాలాసేపు మడత మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. ఆయన తర్వాత ఇంటి పని చూడ్డానికి ఎక్కడివాడో ఒక కుర్రాణ్ణి వేశారు. వాడు అచ్చులు పెట్టి, రంగు చిమ్మి, మధ్యాహ్నానికల్లా ముగించేశాడు. నీడలు వదిలేశాడు, నీలం గళ్ళ పరదా జోలికి మాత్రం పోలేదు. నడిమి కిటికీ ఇనప రెక్క అంచులకి రంగు అందక, వాన పడ్డప్పుడల్లా దాని చుట్టూ నల్లటి గీత తేలేది. అంబ్రోస్‌కి ఆ గీత కంట్లో నలకలా ఉండేది. భోజనం చేస్తూ కూడా దాన్నే తలుచుకునేవాడు. వంతెన మీదనుంచి ఏ శత్రువైనా చూస్తే ఇది కిటికీ కాదని ఇట్టే పట్టేస్తాడు అనేవాడు. శత్రువెవరు నాన్నా అంటే మళ్ళీ ఆ గీత సంగతే ఎత్తుకునేవాడు.

ఆమెకి ఉక్రోషం వచ్చిన రోజులున్నాయి. "ఇన్నాళ్ళకి ఈ దేశంలో ఆడవాళ్ళకి ఓటిచ్చారు గానీ, ఆ తలుపు వెనక ఏముందో చెప్పడానికి మాత్రం మీకెవరికీ నోరు రాదు" అంది ఒకసారి. "నీకు తెలుసుగా" అన్నాడాయన. "తెలియడం వేరు, మీరు చెప్పడం వేరు" అంది. ఆయన నవ్వి, "అదే మరి" అన్నాడు.

రానురాను మాటలు తగ్గించేశాడు. ఏటి ఒడ్డున అదే కుర్చీ, అవే సాయంత్రాలు. పని పోయిన మనిషి ఇంట్లో ఎలా ఉంటాడో ఊరికి తెలుసు, కాబట్టి ఎవరూ ఏమీ అనుకోలేదు. ఒటీలియా అనుకుంది. ఏటిలో మంచు కరిగి నీళ్ళు ఉరికే కాలంలో ఆయన మరీ ఒడ్డుకి జరిగి కూర్చుంటున్నాడని గమనించింది. ఆ ఊహ మనసులో ఒక మూల పెట్టి మూత వేసింది.

శనివారం సాయంత్రం ఆమె ముందు పోయింది కిలియన్ కొట్టుకే. నాన్న రాలేదు బాబాయ్, నీకేమైనా చెప్పాడా అని అడిగింది. కిలియన్ పిండి చేతులు తుడుచుకుంటున్నవాడు అలాగే ఆగిపోయాడు. ఎప్పుడు వెళ్ళాడు, ఏం వేసుకున్నాడు, రంగుల సంచీ తీసుకెళ్ళాడా అని అడిగాడు. సంచీ లేదంటే తల పంకించి, నేను కనుక్కుంటాను, నువ్వింటికి పో అన్నాడు. ఆమె గుమ్మం దాటకముందే లోపలి గదిలో ఫోను డయలు తిరిగిన చప్పుడు వినిపించింది. తన కోసమే ఫోను చేస్తున్నాడనుకుని ధైర్యపడింది.

ఆదివారం పొద్దున ఊళ్ళో మగవాళ్ళంతా వెతకడానికి బయల్దేరారు. పైనుంచి వాన సన్నగా పడుతోంది. పోలీసు ఆలోయిస్ ఒటీలియాకి బడి నేస్తం. పక్క లోయనుంచి వాసన పట్టే కుక్కని తెప్పించాడు. దానికి అంబ్రోస్ దిండు గలేబు వాసన చూపించారు. ఇంటి మెట్లు దిగి, చర్చి సందు దాటి, వంతెన దాకా ఎక్కడా ఆగకుండా లాక్కుపోయింది. రోడ్డు వెంట పరుగెత్తి నోరెత్తనివాళ్ళ ఇంటి ముందు ఆగింది. రంగు తలుపు ఎదురుగా కూర్చుని, తలెత్తి, ఇంట్లోవాళ్ళు తీస్తారని ఎదురు చూస్తున్నట్టు తోక ఆడించింది.

ఎవరో నవ్వారు. దాంతో అందరికీ నవ్వొచ్చింది, అంత దిగుల్లోనూ. మనుషులు మోసపోవడం చూశాంగానీ కుక్క కూడానా, ఇదిరా అంబ్రోస్ పనితనమంటే అని పాత దళంవాళ్ళు ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు. ఆ మాటల్లో గర్వం ఉంది. ఏళ్ళతరబడి ఆ గోడకి ఆయన చెయ్యి తగిలింది, వాసన ఉండకేం చేస్తుందని కుక్కని తెచ్చినవాడికి చెప్పారు. వాడు పరాయి ఊరివాడు, నమ్మాడు. కుక్కని లాగితే రానంది. కాళ్ళు నేలకి తన్నిపెట్టింది. ఇద్దరు కలిసి పట్టీ పట్టి ఈడ్చారు. కిలియన్ ఆ గుంపులో లేడు.

ఒటీలియా నవ్వలేదు. పైకి చూస్తోంది. పుట్టినప్పటినుంచీ చూస్తున్న ఇంట్లో ఏదో ఒకటి వేరేగా ఉంది. ఏమిటో అందడం లేదు. నడిమి కిటికీ చుట్టూ ఉండే నల్లగీత ఒక వైపు లావుగా ఉన్నట్టనిపించింది, ఎవరో పరదా పక్కకి తప్పించి చూస్తున్నట్టు. వానకి అలా కనపడుతోందనుకుంది. నీలం గళ్ళ కిటికీ మీద నీళ్ళు జారుతుంటే అమ్మ పరదా కదులుతున్నట్టే ఉంది. ఆమె చూపు తిప్పుకుంది.

ఆలోయిస్ ఆమెని ఆ గోడ పక్కకే తీసుకెళ్ళి, టోపీ తీసి, ఇలా అడగాల్సొస్తున్నందుకు ఏమీ అనుకోవద్దన్నాడు. మనుషులు కొద్దిమందే ఉన్నారు. పైన అడవిలో వెతకాలా, కింద నీళ్ళ వెంట వెతకాలా, ఏదో ఒకటే చెయ్యగలం.

"మీ నాన్న తనంతట తాను ఏమైనా చేసుకునే మనిషేనా, ఒటీ?"

ఆమె మనసులో మూత లేచింది.

"పటాలం వదిలేశాక ఆయన బతకడం మానేశాడు, ఆలోయిస్. రోజూ ఆ ఏటినే చూస్తూ కూర్చున్నాడు. దూకేసి ఉంటాడు. కిందికే పోండి."

అందరూ కిందికే పోయారు. సాయంత్రం దాకా గెడలతో ఏరు గాలించారు.

కిలియన్ శనివారం సాయంత్రమే పాత కెప్టెన్‌కి ఫోను చేశాడు. కెప్టెన్ ఊళ్ళో లేడు. ఆదివారం దొరికాడు. విని, ఇది నా చేతిలో లేదని పైవాళ్ళని అడిగాడు. పైవాళ్ళు ఆదివారం కాబట్టి ఇంకా పైవాళ్ళ కోసం చూశారు. సోమవారం పొద్దున అనుమతి, తాళంచెవి పట్టుకుని ఇద్దరు అధికారులు జీపులో వచ్చారు. అప్పుడు గానీ కిలియన్ నోరు విప్పలేదు. అంబ్రోస్ పోరు పడలేక సార్జెంటుగా తన దగ్గర ఉండిపోయిన తాళంచెవి ఒక్కటీ ఆయనకిచ్చేశాడు, ఏడాది కిందట. ఇనప రెక్క తెరిచి అంచులు సరిచేసుకుంటానని, ఎవరికీ తెలియనివ్వనని అంబ్రోస్ మాట ఇచ్చాడు. రంగులన్నీ ముందే లోపల దాచుకున్నాడు. నిలబెట్టుకున్నాడు మాట.

కొండవాలు మీది ఇనప తలుపు లోపల్నుంచి గడియ వేసి ఉంది, కోసి తెరవాల్సొచ్చింది. పై గదిలో ఇనప రెక్క బెత్తెడు తెరిచి ఉంది. దాని అంచున సగం దాకా తాజా రంగు ఉంది, నీడతో సహా. అంబ్రోస్ నిచ్చెన కింద, కింది గదిలో, తొడ ఎముక విరిగి పడి ఉన్నాడు. పాకుతూ ఇనప మంచాల దాకా వచ్చి, కోటు ఒంటి మీద కప్పుకున్నాడు. చలికి పోయాడని, ఆదివారం పొద్దుపోయేదాకా ప్రాణం ఉండే ఉంటుందని డాక్టరు చెప్పాడు. మాట తేలిగ్గా అందామని చూశాడు, కుదరలేదు.

అంత్యక్రియలకి దళం అంతా యూనిఫాంలో వచ్చింది, బొజ్జలమీద గుండీలు పట్టకపోయినా. శవపేటిక మోసినవాళ్ళలో కిలియన్ ఒకడు. చర్చి వెనకాల ఒటీలియా ఆయన్ని పట్టుకుని, నన్ను చూసీ చెప్పలేకపోయావా అని అడిగింది. ఒక్క మాట, ఆ ఇంటివైపు ఒక్క చూపు సరిపోయేది కదా బాబాయ్ అంది.

"చెప్పకూడదని మాటిచ్చాం కదమ్మా" అన్నాడు కిలియన్. కన్నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. "అక్కడ నేను పడి ఉంటే మీ నాన్న కూడా ఇదే చేసేవాడు. నీకు తెలుసు."

ఆమెకి తెలుసు. దానితోనే పోట్లాట అయిపోయింది. అలా చేసేవాడని తెలిశాక ఇక ఎవరి మీద కోప్పడాలో ఆమెకి పాలుపోలేదు. తర్వాత ఏళ్ళలో కిలియన్ రొట్టె ఇచ్చేవాడు, ఆమె పుచ్చుకునేది. ఆ ఆదివారం అందరూ ఏటికే ఎందుకు పోయారని ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

కాలం మారి పటాలాన్ని కుదించినప్పుడు కొండలో ఫిరంగి తీసేసి, ఆ ఇంటిని ఊరికి వదిలేశారు. కొట్టు కొడుక్కి అప్పగించిన కిలియన్ అప్పుడు వచ్చేపోయేవాళ్ళకి లోపల చూపించే పని పెట్టుకున్నాడు. ఇన్నాళ్ళూ నోట్లో పెట్టుకున్నదంతా ఇప్పుడు పైకి చెప్పొచ్చుననేసరికి మనిషి పదేళ్ళు చిన్నవాడైపోయాడు. ఒటీలియాని ఎన్నిసార్లు రమ్మన్నా రాలేదు. ఒక వేసవి పొద్దున, ఇంకెవరూ లేనప్పుడు, తనంతట తానే వచ్చి ఇనప తలుపు దగ్గర నిలబడింది.

ఆయన ఫిరంగి ఉన్న చోటు చూపించాడు. సూప్ కాచిన కుండ చూపించాడు. నిచ్చెన దగ్గర టోపీ తీసి దిగాడు. కింది గదిలో మంచాలు అలాగే ఉన్నాయి. చలి ఎముకల్లోకి దిగుతోంది. ఒటీలియా ఒక మంచం అంచున కూర్చుంది. కిలియన్ ఆమె అలా కూర్చోవడం చూసి, ఏదైనా సరదా సంగతి చెప్పాలనుకున్నాడు కాబోలు, వేలెత్తి గోడ పైన పిడికిలి పట్టేంత రంధ్రం చూపించాడు. గాలి కోసం పెట్టిన గొట్టం, రోడ్డు వైపు గోడలోకి, ఆ ఆదివారం ఆలోయిస్ ఆమెని నిలబెట్టి అడిగిన చోటికి పోతుంది.

"కాపలా ఉన్నప్పుడు మాకు రేడియో అదే" అన్నాడు. "ఇక్కణ్ణుంచి ఎంత అరిచినా ఏటి హోరులో కలిసిపోయి బయట చీమకి కూడా వినపడదు. బయటి మాట మాత్రం చెవిలో చెప్పినట్టే. ఊళ్ళో ఎవరు ఎవరి గురించి ఏమనుకుంటున్నారో మాకు తెలియనిది లేదు. చూడు, విను."

రోడ్డు మీద బడిపిల్లలు పోతున్నారు. బూటు తాడు ముడి వేసుకోమని పంతులమ్మ ఎవరికో చెప్పింది. వేసుకున్నానని వాడు నోట్లో నోట్లో గొణిగాడు.

ఆ గొణుగుడు కూడా ఆమెకి వినిపించింది.